కొత్త రాతి రోలును వాడకానికి సిద్ధం చేయడం ఎలా?

కొత్త రోట్లో నూరిన మొదటి పచ్చడి పంటి కింద కరకరమంటే ఇంటివారంతా రోలునే తప్పుపడతారు. ఈ రోజుల్లో మంచి రాయి ఎక్కడ దొరుకుతోందని ఒక నిట్టూర్పు విడిచి, దాన్ని వరండాలోకి నెట్టి, నెల తిరిగేసరికి అందులో పిచ్చుకలకు నీళ్ళు పోస్తారు. గడిచిన ఇరవై ఏళ్ళలో మా ఇంటికీ, బంధువుల ఇళ్ళకూ, ఇరుగుపొరుగువారికీ నేను చాలా రోళ్ళను సిద్ధం చేసి ఇచ్చాను. వాటిలో రాయి పనికిరానిదని తేలినవి రెండే. పక్కన పడేసిన మిగతా రోళ్ళన్నీ మంచివే, కాకపోతే సగం పని దగ్గర ఆపేసినవి.

ఇక్కడ చెప్పే పద్ధతి పచ్చడి నూరుకొనే చిన్న రోలుకూ, పిండి రుబ్బే రుబ్బురోలుకూ, సన్నికల్లుకూ ఒకేలా వర్తిస్తుంది. తిరగలి పొడిగా తిరిగే రాయి కనుక దాని సంగతి చివర్లో విడిగా చెబుతాను.

రాయిని ఎంచుకోవడం

ఇది పెద్ద విద్యేమీ కాదు. నల్లనిదో బూడిదరంగుదో గట్టి గ్రానైటు తీసుకోండి. పాలరాయి చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా పచ్చడికి పనికిరాదు, నాపరాయి కూడా అంతే. రెండూ సున్నపు జాతి రాళ్ళు కావడం వల్ల చింతపండు పులుపు తగిలిన ప్రతిసారీ కొద్దికొద్దిగా కరుగుతాయి. అనుమానం ఉంటే అడుగుభాగాన నాలుగు చుక్కల నిమ్మరసం వేసి పది నిమిషాలు ఆగండి. అక్కడ సన్నని బుడగలు లేచినా, నునుపు పోయి మచ్చ తేలినా ఆ రాయిని దుకాణంలోనే వదిలేయండి. బలపపు రాయి కూడా వద్దు. పులుసు కాచడానికి రాచ్చిప్పను మించిన పాత్ర లేదని నేనూ ఒప్పుకుంటాను కాని, గోటితో గీరితే గీత పడే రాయి పొత్రం కింద నిలవదు.

నాణెంతో అంచు మీద తట్టితే ఖంగుమని మోగాలి. మోత చచ్చుగా వస్తే లోపల ఎక్కడో బీట ఉన్నట్టే. గుంటలో నీళ్ళు పోసి, పారబోసి, గుడ్డతో తుడిచి కాసేపు చూడండి. చుట్టూ ఆరిపోయి ఒకచోట మాత్రం తడి గీత మిగిలితే అదే బీట. నల్లగా నిగనిగలాడే రోలును అసలే నమ్మకండి, ఎందుకంటే ఆ నిగారింపు చాలాసార్లు నూనె, మసి కలిపి పూసినదే అయి ఉంటుంది. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే సంగతి తేలిపోతుంది. చీమకుర్తి గ్రానైటును ప్రపంచమంతా అద్దంలా మెరిపించి గోడలకూ నేలకూ పరుచుకుంటుంది, పరుచుకోనివ్వండి. రోలు గుంటకు మాత్రం ఆ మెరుపు వద్దు. లోపల ఉలి గాట్లు కంటికి కనిపించాలి, వేలికి తగలాలి. నున్నని గుంటలో మిరపకాయ నలగదు, పొత్రం ముందు పరుగెడుతుంది.

బరువు ముందే లెక్క వేసుకోండి. పది అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు ఉన్న గ్రానైటు రోలు 15 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న దిమ్మ అయితే 75 కిలోలు దాటుతుంది కాబట్టి, మూడో అంతస్తుకు రుబ్బురోలు ఎక్కించాలనుకునేవారు ఇద్దరు మనుషులను సిద్ధం చేసుకోవాలి. అమెరికాలో ఉన్న పిల్లలకు రోలు పంపాలని ఉత్సాహపడే తల్లిదండ్రులు కూడా, పెట్టెకు 23 కిలోలు అన్న విమాన నియమాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. అయినా ఎనిమిది అంగుళాలకంటే చిన్న రోలు కొనవద్దు. అది రోలు కాదు, అలంకారం. పొత్రాన్ని చేతిలోకి తీసుకొని గుంటలో తిప్పి చూడండి. దాని బొడిపె గుంట అడుగును ఆనాలి గాని, అంచుల దగ్గరే ఇరుక్కోకూడదు.

కడగడం

ఇంటికి తెచ్చిన రోలునూ పొత్రాన్నీ కొబ్బరి పీచుతోనో గట్టి కుచ్చుల బ్రష్షుతోనో పారే నీటి కింద రుద్ది కడిగి, ఒక పగలూ ఒక రాత్రీ నీళ్ళలో మునిగేలా ఉంచండి. మునిగేంత తొట్టి లేకపోతే గుంట నిండా నీళ్ళు పోసి, పైన తడిగోనె కప్పండి. సబ్బు వద్దు. రాతి సందుల్లో చేరిన సబ్బు వాసన వారం తర్వాత కొబ్బరి పచ్చడిలో పలకరిస్తుంది. ఈ దశలో చెప్పవలసింది ఇంతే.

రాతి రవ్వను వదిలించడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది, అందరూ చేతులెత్తేసేదీ ఇక్కడే. కొత్త రోలులో ఉన్నది కేవలం దుమ్మే అయితే కడిగితే పోవాలి. కాని గుంట తొలిచేటప్పుడు ఉలి తగిలిన ప్రతిచోటా రాతి రవ్వలు సగం విరిగి, సగం అంటుకొని నిలబడి ఉంటాయి. వాటిని నీళ్ళు కదిలించలేవు, బ్రష్షూ కదిలించలేదు. పొత్రం కింద ఏదో ఒక గింజ నలిగి, ఆ ఒత్తిడి రాతికి తగిలినప్పుడే అవి ఊడతాయి. అందువల్ల తినడానికి కాకుండా కేవలం రవ్వను ఊడగొట్టడానికి కొన్ని వాయిలు రుబ్బక తప్పదు. ఈ వాయిలను ఎగ్గొట్టినవారు మొదటి పది రోజుల పచ్చడితో పాటు ఆ రవ్వను తింటున్నారన్నమాట. గ్రానైటులో ఉండే పలుగురాయి కాఠిన్యం మొహ్స్ కొలతలో 7, మన పంటి పైపూత కాఠిన్యం 5. రెండూ రాసుకుంటే అరిగేది ఏదో వేరే చెప్పనక్కర్లేదు.

బియ్యపు నూకను గంటసేపు నానబెట్టి వడకట్టుకోండి. పది అంగుళాల రోలుకు ఒక్కో వాయికి రెండు గుప్పిళ్ళ నూక, ఒక చారెడు గళ్ళుప్పు సరిపోతాయి. పొడి నూకతో చేయమని చెప్పేవారున్నారు గాని వారి మాట వినకండి. పొడిగా నూరితే సన్నని రాతి ధూళి లేచి ముక్కులోకి పోతుంది. రాళ్ళు కొట్టే పనివారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది ఆ ధూళే. తడి నూకైతే రవ్వ ఊడినది ఊడినట్టే ముద్దలో చిక్కుకుంటుంది. నూక బదులు బియ్యమే వేస్తే ఏమవుతుందని అడుగుతారు. ఏమీ కాదు, డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది.

ఇప్పుడు పొత్రంతో పదిహేను నిమిషాలు రుబ్బండి. దంచవద్దు, రుబ్బాలి. దంచితే అడుగున ఒక్కచోటే దెబ్బ పడుతుంది, పైగా కొత్త గాట్ల అంచులు పగిలి కొత్త రవ్వ పుడుతుంది. పొత్రాన్ని నిలువుగా పట్టుకొని మధ్యలో తిప్పేసి పని అయిందనుకోవడం మరో పొరపాటు. పచ్చడి నూరేటప్పుడు ముద్ద గుంట గోడల మీదికి ఎగబాకుతుంది, అక్కడ మిగిలిన రవ్వ తీరిగ్గా అందులో కలుస్తుంది. కాబట్టి పొత్రాన్ని వాలుగా పట్టుకొని, ముద్దను ఎడమచేత్తో గోడల మీదికి ఎగదోస్తూ, అంచుకు రెండు వేళ్ళ కింది దాకా ప్రతి వైపూ రుద్దాలి. పొత్రం విషయంలో కూడా బొడిపె ఒక్కటే కాదు, ముద్ద తగిలే పక్కలన్నీ అరగాలి. రోలును ఎంతో శ్రద్ధగా సిద్ధం చేసి, పొత్రాన్ని మరచిపోయిన ఇళ్ళు నేను కనీసం నాలుగు చూశాను.

మొదటి వాయి ముద్ద సిమెంటు రంగులో వస్తుంది. దాన్ని తీసి చెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చండి. వంటింటి తూములో పోస్తే రాతి పిండి గొట్టం మలుపులో పేరుకుంటుంది. బియ్యమే కదా అని గేదెకో కోళ్ళకో పెట్టకండి. మన పళ్ళకు పనికిరానిది వాటికి మాత్రం ఎందుకు పనికొస్తుంది? రోలు కడిగి రెండో వాయి, మూడో వాయి రుబ్బండి. మొదటి రోజుకు మూడు వాయిలు చాలు. ఆ సాయంత్రం రోలును పూర్తిగా ఆరనివ్వడం తప్పనిసరి, ఎందుకంటే తడిలో సందులకు అంటుకుపోయిన పిండి ఆరితేనే రవ్వతో సహా పెళ్ళలుగా లేస్తుంది. మర్నాడు పొద్దున్నే ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని, పొడి బ్రష్షుతో దాన్ని దులపండి. ఈ దులపడం వల్ల వచ్చే ఫలితం రెండు వాయిలకు సమానం.

రెండో రోజు నాలుగో వాయికో ఐదో వాయికో ముద్ద తెల్లగా వస్తుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. తెల్లగా వచ్చేదాకా రుబ్బితే చాలని పాతవారు చెప్పారంటారు. పాతవారి మాట సగమే వీరి చెవిన పడింది. రాయిలోని నల్లని రేణువులు, అభ్రకం ముద్దకు బూడిదరంగు తెస్తాయి కాబట్టి అవి తగ్గితే రంగు తగ్గుతుంది, నిజమే. కాని ఆ రాయిలోనే ఉన్న పలుగు రవ్వ తెల్లనిది, బియ్యప్పిండిలో కలిస్తే అసలు కనిపించదు. రంగు పోయినంత మాత్రాన రవ్వ పోయిందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. అన్నిటికంటే గట్టిగా ఉండి, అన్నిటికంటే ఆలస్యంగా పోయే రవ్వ సరిగ్గా కంటికి ఆననిదే.

దాన్ని పట్టడానికి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న ఉపాయం గాలించడం. ముద్ద మొత్తాన్ని వెడల్పాటి స్టీలు గిన్నెలోకి తీసి, చెంబెడు నీళ్ళు పోసి కలిపి, గిన్నెను గుండ్రంగా ఊపుతూ పైన తేలిన పిండినీళ్ళను మెల్లగా వంచేయండి. మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ వంచండి. బియ్యంలో రాళ్ళు గాలించడం చూసినవారికి ఈ ఊపు చేతిలోనే ఉంటుంది. పిండికంటే రాయి బరువు కనుక అది అడుగునే ఉండిపోతుంది. ఆరేడుసార్లు వంచాక గిన్నె అడుగున మిగిలిన చారెడు నీళ్ళలోని మడ్డిని ఒక చెంచా లోపలికి తీసుకొని, రెండో చెంచా వీపుతో దాని మీద రాయండి. కీచుమన్నా, గరగరమన్నా రవ్వ ఉన్నట్టే. దాన్ని నోట్లో వేసుకొని పళ్ళతో పరీక్షించవద్దు. ఏ నష్టం జరగకూడదని ఇదంతా చేస్తున్నామో, ఆ నష్టాన్ని చేతులారా తెచ్చుకున్నట్టవుతుంది. మెత్తగా, చప్పుడు లేకుండా జారితే ఆ వాయి నెగ్గినట్టు. కాని ఒక్క వాయి నెగ్గితే చాలదు. వరసగా రెండు వాయిలు నెగ్గాలి, మధ్యలో రోలు ఒకసారి ఆరాలి. మామూలుగా ఇది మూడో రోజున, ఏడెనిమిది వాయిల తర్వాత కుదురుతుంది. పది వాయిలైనా గరగర తగ్గకపోతే ఆ రాయి గుల్లబారినదని అర్థం, దాని మీద ఇంకా నూక పోయవద్దు. నేను మొదట్లో చెప్పిన రెండు రోళ్ళూ అటువంటివే.

ఇంతలో ఎవరో ఒకరు వచ్చి నూనె పూయమంటారు. నూనె పూసి ఎండలో పెడితే రాయి గట్టిపడుతుందని చెప్పి, అమ్మే చోటే ఒక చిన్న సీసా చేతిలో పెట్టేవారు కూడా ఉన్నారు. గ్రానైటు నూనెకు గట్టిపడేది కాదు. రవ్వ పోకముందే నూనె పూస్తే, అది రాతి పిండిని ముద్దచేసి గాట్లలోకి దిగగొడుతుంది. అప్పటికి అంతా శుభ్రంగా, నల్లగా, అందంగా కనిపిస్తుంది. రెండు వారాల తర్వాత ఎండుమిరపకాయలూ ఉప్పూ కలిపి గట్టిగా నూరిన రోజున ఆ ముద్ద ఊడి వచ్చి కారంలో కలుస్తుంది. ఒకసారి అలా పూసిన రోలును బాగుచేయడానికి నాకు వారం పట్టింది. ఇటుక పొడితో తోమడం కూడా ఇటువంటిదే, ఉన్న ఇసుకను తీయడానికి కొత్త ఇసుక తెచ్చి పోసినట్టు.

పెళ్ళిళ్ళకు కొత్త రోలు కొనేవారికి ఒక మాట. పసుపు దంచే కార్యక్రమానికి ముందురోజు రోలు తెచ్చి, పసుపూ కుంకుమా అద్ది, అందులో కొమ్ములు వేసి రోకలితో నాలుగు పోట్లు వేయిస్తారు. ఆ పసుపే తర్వాత పెళ్ళికూతురి ముఖానికి రాస్తారు. దంచే రోలులో రవ్వ ఇంకా ఎక్కువగా ఊడుతుంది గనక, కనీసం వారం ముందు కొని పైన చెప్పినదంతా చేయండి. అంత తీరిక లేకపోతే పాత రోలు ఎవరినైనా అడిగి తెచ్చుకోవడం మర్యాద.

చివరి రెండు వాయిలు

గాలింపు పరీక్ష నెగ్గిన తర్వాత నానబెట్టిన మినపపప్పు ఒక వాయి, పచ్చికొబ్బరి ఒక వాయి రుబ్బాలి. మినప్పిండి జిగురు గాట్ల లోపలి సన్నపొడిని లాగేస్తుంది. కొబ్బరిలోని నూనె, ఇప్పుడు మాత్రమే, రాతికి మేలు చేస్తుంది. ఈ రెండూ కూడా తినడానికి కాదు. పిండి ముత్యంలా వచ్చింది, నాలుగు గారెలు వేద్దామన్న ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. వద్దు.

మొదటి పచ్చడి

మొదట కొబ్బరి పచ్చడో, వేయించిన కందిపచ్చడో చేయాలి గాని, గోంగూరతో ప్రారంభించకూడదు. నూరే వరస మాత్రం ఏ పచ్చడికైనా ఒక్కటే: ముందు వేయించిన మిరపకాయలూ ఉప్పూ, ఆ తర్వాత పప్పులు, ఆ పైన చింతపండు, చిట్టచివర కూరగాయ ముక్కలు. ముక్కలు పడ్డాక పొత్రాన్ని బరువుగా తిప్పకుండా నాలుగు చుట్లతో వదిలేయాలి. మిక్సీలో నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడు అన్నిటినీ ఒకేలా తెగ్గోస్తుంది, వేడెక్కిస్తుంది కూడా. మిరపకాయ పూర్తిగా మెదిగి, వంకాయ ముక్క మాత్రం సగం మెదిగి ఉండాలంటే చేతి కింద రాయి ఉండాలి. రాతి వెట్ గ్రైండర్ పిండి వరకు మంచి పనే చేస్తుందని ఒప్పుకోవచ్చు, అదీ రుబ్బురోలు బిడ్డే కదా. పచ్చడి దాని చేత కాదు.

వాడిన తర్వాత వేడినీళ్ళతో, కొబ్బరి పీచుతో వెంటనే కడిగేయండి. పొత్రాన్ని గుంటలో నిలబెట్టి ఉంచకండి, దాని కింద చెమ్మ నిలిచి బూజు పడుతుంది. పక్కన పడుకోబెట్టండి. వెల్లుల్లి నూరే రోలులో మినప్పిండి రుబ్బకూడదు. రెండు రోళ్ళు కొనలేనివారు వెల్లుల్లిని సన్నికల్లు మీద నూరుకోవాలి.

కక్కు కొట్టించిన తర్వాత

కొన్నేళ్ళ వాడకంలో గాట్లు అరిగిపోయి, మిరపగింజలు నలగకుండా పొత్రం కింద జారడం మొదలవుతుంది. అప్పుడు కక్కు కొట్టించాలి, అంటే ఉలితో గుంటలో మళ్ళీ గాట్లు పెట్టించాలి. ఒకప్పుడు ఉలీ సుత్తీ సంచిలో వేసుకొని, రోళ్ళకూ తిరగళ్ళకూ కక్కు కొడతామని కేకవేస్తూ వీధి వెంట వచ్చేవారు. ఇప్పుడు రోళ్ళు అమ్మే చోటికి మోసుకెళ్ళవలసిందే. యంత్రపు చక్రంతో గీయించవద్దు. దాని గీతలు లోతుగా, తిన్నగా పడి ముద్ద వాటిలో కూరుకుపోతుంది. సన్న ఉలితో, బియ్యపు గింజ మందానికి మించని లోతులో, చుక్కలు చుక్కలుగా కొట్టమని చెప్పి, పక్కనే నిలబడి చూడండి. కక్కు కొట్టిన రోలు మళ్ళీ కొత్త రోలే. నూక వాయిలు, ఆరబెట్టడం, గాలింపు పరీక్ష అన్నీ మొదటినుంచి చేయాలి, కాకపోతే ఈసారి మూడు నాలుగు వాయిలకే తీరిపోతుంది.

తిరగలికైతే నీళ్ళ పని ఉండదు. పైరాయిని ఎత్తి రెండింటినీ పొడి బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, ఎండలో ఒక రోజు ఆరబెట్టి, ముక్కుకు గుడ్డ కట్టుకొని ముందు తవుడు, తర్వాత చవక నూక చొప్పున మూడు నాలుగు కిలోలు విసిరి పారబోయాలి. వచ్చిన పిండిని ప్రతిసారీ గుప్పెడు తీసుకొని, నీళ్ళలో కలిపి పైన చెప్పినట్టే గాలించి చూడండి. గరగర పోయాక కూడా మొదట విసిరే కందిపప్పును రెండుసార్లు గాలించిన తర్వాతే పొయ్యి మీద పెట్టండి.